శునకాహారం: చవక ఏదో తేల్చేది కిలో ధర కాదు

న్యూఢిల్లీ: పెంపుడు కుక్కకు ఏ తిండి పెట్టాలన్నది సంపన్న గృహాల ముచ్చటగా ఉన్న రోజులు గతించాయి. పాలు, గ్యాసు, పిల్లల ఫీజుల సరసన కుక్క తిండి కూడా అనేక మధ్యతరగతి కుటుంబాల నెలసరి ఖర్చులో ఒక పద్దుగా చేరింది. నగరాల్లోనే కాక చిన్న పట్టణాల్లోని కిరాణా దుకాణాల్లో సైతం రంగురంగుల సంచులు వేలాడుతున్నాయి. ఏ కంపెనీ సరుకైనా ‘పెడిగ్రీ’ అని అడిగే అలవాటు జనంలో స్థిరపడింది. అయితే ఆ సంచుల మధ్య ధరల అంతరం రెండింతలు, మూడింతలు ఉండడంతో కొనుగోలుదారుకు ఏది తీసుకోవాలో పాలుపోవడం లేదు.

ఖరీదైన సంచి కొనలేనివారు మూగజీవికి అన్యాయం చేస్తున్నామేమోనని మథనపడుతున్నారు. కొన్నవారు డబ్బు వృథా అయిందేమోనని అనుమానపడుతున్నారు. ఈ రెండు భావాలకూ మూలం ఒక్కటే. ఇద్దరూ చూస్తున్నది కిలో ధరను మాత్రమే. తమ కుక్క వయసు, బరువు, శ్రమలను బట్టి రోజుకు ఎన్ని గ్రాములు అవసరమో, ఆ గ్రాములకు ఎంత ఖర్చవుతుందో లెక్కించిన తరువాతగాని ఏది చవకో, ఏది ప్రియమో తేలదు. ఆ లెక్క ఇంటిలో కాగితం మీద వేసుకోదగినదే.

పెద్ద సంస్థల ప్రవేశం

ఈ వ్యాపారంపై పెద్ద సంస్థల ఆసక్తి నానాటికీ పెరుగుతోంది. పెడిగ్రీ ఉత్పత్తిదారైన అమెరికన్ సంస్థ మార్స్‌కు తెలంగాణలోని సిద్దిపేట జిల్లాలో కర్మాగారం ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని రాజ్‌నంద్‌గావ్ కేంద్రంగా కోళ్ల పరిశ్రమలో స్థిరపడిన ఐ.బి. గ్రూపు నుంచి వెలువడినదే డ్రూల్స్. ఆ కంపెనీలో స్విట్జర్లాండ్‌కు చెందిన నెస్లే 2025లో మైనారిటీ వాటా తీసుకుంది. అదే సంవత్సరం గోద్రెజ్ సంస్థ కూడా తమిళనాడు మార్కెట్టుతో ఈ రంగంలో అడుగుపెట్టింది.

పోటీ పెరిగినంత మాత్రాన ధరలు దిగివస్తాయని భావించడానికి వీలు లేదు. పొడి ఆహారంలో అధిక భాగం మొక్కజొన్న, బియ్యం నూకలు, సోయా చెక్క, కోళ్ల పరిశ్రమ ఉప ఉత్పత్తులే. ఇవన్నీ కోళ్ల దాణాకూ కావలసిన సరుకులు. ఇథనాల్ తయారీకి మొక్కజొన్న వినియోగం పెరగడంతో, చిరకాలంగా ఎగుమతి దేశంగా ఉన్న భారత్ 2024లో మయన్మార్, ఉక్రెయిన్‌ల నుంచి మొక్కజొన్నను దిగుమతి చేసుకోవలసి వచ్చింది. దీనికి తోడు 2017 జులైలో జి.ఎస్.టి. అమలులోకి వచ్చినప్పుడు పశువుల దాణా, కోళ్ల దాణాలకు మినహాయింపు ఇచ్చిన ప్రభుత్వం, చిల్లరగా అమ్మే కుక్కల, పిల్లుల ఆహారాన్ని 18 శాతం శ్లాబులో చేర్చింది.

చట్టం పరిధి స్వల్పం

కొనుగోలుదారు గమనించవలసిన మరొక విషయం ఉంది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ‘ఆహారం’ అన్న పదానికి ఇచ్చిన నిర్వచనంలో పశువుల దాణా లేదు. మనుషులు తినే బిస్కట్ పొట్లానికి వర్తించే రక్షణలు కుక్క తినే బిస్కట్ పొట్లానికి ఆ చట్టం కింద వర్తించవు. భారతీయ ప్రమాణాల సంస్థ కుక్కల, పిల్లుల ఆహారానికి ఐ.ఎస్. 11968 పేరిట ఒక ప్రమాణాన్ని రూపొందించింది. సంచిపై ఆ ప్రస్తావన ఉన్నదీ లేనిదీ చూడడం మంచిది.

తూనికలు, కొలతల నిబంధనలు మాత్రం కొంత అండగా ఉన్నాయి. నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, తయారీదారు చిరునామా సంచిపై ఉండి తీరాలి. గ్రాముకు లేదా కిలోకు ఎంత పడుతుందో తెలిపే యూనిట్ ధరను కూడా ముద్రించాలని 2021లో ఈ నిబంధనలను సవరించారు. చిన్న పొట్లానికీ పెద్ద సంచికీ ఉన్న తేడా ఈ ఒక్క అంకెతో బయటపడుతుంది.

సంచిపై చదవవలసినవి

బొమ్మలనూ, పెద్ద అక్షరాలనూ పక్కనపెట్టి నాలుగు సంగతులు వెతకాలి. మొదటిది, అది సంపూర్ణ ఆహారమా, కాదా అన్నది. ‘కంప్లీట్’ అని ఉన్నదానినే రోజువారీ తిండిగా పెట్టవచ్చు. ‘ట్రీట్’, ‘కాంప్లిమెంటరీ’ అన్న మాటలు ఉంటే అది చిరుతిండి మాత్రమే. రెండవది, ఏ వయసు కుక్కకు ఉద్దేశించినది అన్నది. కుక్కపిల్లల ఆహారం, పెద్ద కుక్కల ఆహారం ఒకటి కావు. మూడవది, మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ శాతాలు. నాలుగవది, ముడిసరుకుల జాబితా. సాధారణంగా అధిక బరువు ఉన్న సరుకును ముందు రాస్తారు.

అమెరికాలో దాణా నియంత్రణ అధికారుల సంఘం ఆమోదించిన పట్టిక ప్రకారం, తేమ తీసివేసిన ఆహారంలో మాంసకృత్తులు పెద్ద కుక్కకు కనీసం 18 శాతం, పెరిగే పిల్లకు 22.5 శాతం ఉండాలి. కొవ్వు పెద్ద కుక్కకు 5.5 శాతం, పిల్లకు 8.5 శాతం కనీస పరిమితి. ఈ పరిమితులను చవక రకాలు కూడా అందుకోగలవు. కాబట్టి ధర తక్కువగా ఉన్నంత మాత్రాన ఒక సంచిని తోసిపుచ్చనవసరం లేదు. అంకెలు చూసిన తరువాతనే ఆ పని చేయాలి.

తేమ లెక్క తెలియక మోసపోయేవారు అనేకులు. గ్రేవీ పౌచ్‌పై మాంసకృత్తులు 8 శాతమని, పొడి ఆహారం సంచిపై 22 శాతమని ఉంటే రెండవదే బలమైనదని తోస్తుంది. పౌచ్‌లో 80 శాతం, పొడి ఆహారంలో 10 శాతం నీరు ఉన్నదనుకుంటే, నీటిని తీసివేసిన మీదట పౌచ్‌లో మాంసకృత్తులు 40 శాతం, పొడి ఆహారంలో 24 శాతం అవుతాయి. పౌచ్ నాసి సరుకు కాదన్నమాట. కాని అందులో కొనుగోలుదారు చెల్లించే డబ్బులో చాలా భాగం నీటికే పోతోంది. 80 గ్రాముల పౌచ్ ఒక్కొక్కటీ 70, 80 కేలరీలకు మించి ఇవ్వదు. 20 కిలోల కుక్క వాటితోనే కడుపు నింపుకోవాలంటే రోజుకు 13 నుంచి 15 పౌచ్‌లు కావాలి. తిండికి మొరాయించే కుక్కకు రుచి కోసం ఒక చెంచా కలపడం వరకే అవి మధ్యతరగతికి అందుబాటు.

రోజు ఖర్చు తేలేదిలా

కుక్కకు రోజుకు ఎంత శక్తి అవసరమో పశువైద్యులు ఒక సూత్రం ద్వారా అంచనా వేస్తారు. బరువును కిలోలలో తీసుకుని మూడుసార్లు గుణించాలి. వచ్చిన సంఖ్యకు వర్గమూలం, దానికి మళ్లీ వర్గమూలం తీసి 70తో హెచ్చించాలి. ఇది విశ్రాంతి స్థితికి కావలసిన శక్తి. గర్భనిరోధక శస్త్రచికిత్స జరిగిన పెద్ద కుక్కకు దీనిని 1.6తోను, జరగని దానికి 1.8తోను గుణిస్తారు. నాలుగు నెలల లోపు పిల్లకు ఇది మూడింతలు, ఆపైన పెరుగుదల ముగిసేవరకు సుమారు రెండింతలు.

ఈ ప్రకారం శస్త్రచికిత్స జరిగిన 10 కిలోల కుక్కకు రోజుకు సుమారు 630, 20 కిలోల దానికి 1,060, 30 కిలోల దానికి 1,435 కేలరీలు అవసరమవుతాయి. బరువు మూడింతలైనా తిండి మూడింతలు కాకపోవడం గమనార్హం. ఫ్లాట్‌లో పడుకునే కుక్కకు ఇంతకంటె తక్కువ, పొలం వెంట తిరిగే కుక్కకు ఎక్కువ పడుతుంది.

సంచిపై కేలరీలు ముద్రించకపోతే వాటినీ అంచనా వేయవచ్చు. మాంసకృత్తుల శాతాన్ని 3.5తో, కొవ్వు శాతాన్ని 8.5తో, పిండి పదార్థాల శాతాన్ని 3.5తో గుణించి కూడితే 100 గ్రాములలోని కేలరీలు వస్తాయి. మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ, బూడిద శాతాలను వందలోనుంచి తీసివేయగా మిగిలేదే పిండి పదార్థం. బూడిద శాతం ఇవ్వనిచోట 8 అనుకోవచ్చు.

ఉదాహరణకు మాంసకృత్తులు 20, కొవ్వు 10, పీచు 5, తేమ 10, బూడిద 8 శాతం ఉన్న మొదటి రకంలో 100 గ్రాములకు 320 కేలరీలు లభిస్తాయి. మాంసకృత్తులు 26, కొవ్వు 16, పీచు 3, తేమ 10, బూడిద 7 శాతం ఉన్న రెండవ రకంలో 360 కేలరీలు ఉంటాయి. మొదటిది కిలో 200 రూపాయలు, రెండవది 220 రూపాయలు అనుకుందాం. 20 కిలోల కుక్కకు మొదటి రకం రోజుకు 331 గ్రాములు కావాలి; ఖర్చు 66 రూపాయలు. రెండవ రకం 294 గ్రాములు చాలు. ఖర్చు 65 రూపాయలు. కిలోకు 20 రూపాయలు ప్రియమైన సంచి రోజు లెక్కలో ఒక రూపాయి చవక అయింది. అదే రెండవ రకం ధర 300 రూపాయలైతే రోజు ఖర్చు 88 రూపాయలకు చేరుతుంది. అప్పుడు మొదటిదే నయం. ఏ కంపెనీదైనా ఇదే గీటురాయి.

పెరుగన్నం చాలుతుందా?

దేశంలో అసంఖ్యాకమైన కుక్కలు నేటికీ ఇంటి తిండి మీదనే బతుకుతున్నాయి. దక్షిణాదిలో పెరుగన్నం, రాగి సంకటి, ఉత్తరాదిలో పాలు రొట్టె అనాదిగా పెడుతున్నారు. ఇది తప్పు కాదు గాని అసంపూర్ణం. 20 కిలోల కుక్కకు 600 గ్రాముల అన్నం, 300 గ్రాముల పెరుగు పెడితే శక్తి దాదాపు సరిపోతుంది. మాంసకృత్తులు మాత్రం 26 గ్రాములకు మించవు. దానికి కనీసం 48 గ్రాములు అవసరం. కడుపు నిండినా కండ పట్టకపోవడానికీ, బొచ్చు రాలడానికీ తరచు ఇదే కారణమవుతుంది.

550 గ్రాముల అన్నంలో 150 గ్రాముల ఎముకలేని కోడిమాంసం, రెండు చెంచాల నూనె చేర్చి ఉప్పు, కారం లేకుండా ఉడికిస్తే ఆ లోటు తీరుతుంది. మాంసం ప్రియమైనచోట కోడిగుడ్లు, కందనకాయలు, చవకగా దొరికే చిన్న చేపలు పనికివస్తాయి. కార్జం వారానికి ఒకటి రెండు మార్లు కొద్దిగా పెడితే చాలు. శాకాహార కుటుంబాలకు మీల్ మేకర్ మంచి ఆధారం. అందులో సగం మాంసకృత్తులే.

అయినప్పటికీ కాల్షియం కొరత అలాగే మిగులుతుంది. అన్నంలోను, మాంసంలోను అది అత్యల్పం. రోజుకు వెయ్యి కేలరీలు తినే కుక్కకు సుమారు 1.25 గ్రాముల కాల్షియం అవసరం. కడిగి ఎండబెట్టి మెత్తగా దంచిన ఒక గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాములు లభిస్తుంది. జింకు, రాగి, అయోడిన్, డి, ఇ విటమిన్ల సంగతి వంటింట్లో తేలేది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 200 ఇంటి వంటకాలను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, 95 శాతం వంటకాలలో కనీసం ఒక పోషకమైనా చాలడం లేదని తేల్చారు. అందువల్ల పూర్తిగా ఇంటి తిండి పెట్టదలచినవారు పశువైద్యుని సలహాతో ఖనిజ, విటమిన్ మిశ్రమాన్ని చేర్చడం అవసరం. సగం సంపూర్ణ పొడి ఆహారం, సగం ఇంటి తిండి పెట్టడం మధ్యే మార్గం. ఇందులో ఖర్చూ తగ్గుతుంది, లోపాలూ కొంతమేరకు పూడుతాయి.

ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషతుల్యం. సాంబారు అన్నం, కూర మిగుళ్లు పెట్టరాదనడానికి వాటిలోని ఉల్లే ప్రధాన కారణం. ఉడికించిన ఎముకలు చీలి పేగులను చీల్చగలవు. పాలు కొన్ని కుక్కలకు విరేచనాలు కలిగిస్తాయి. పెరుగు వాటికి కొంత నయం.

పిల్లల విషయంలో పొదుపు తగదు

ఎక్కడ పొదుపు చేసినా కుక్కపిల్ల తొలి సంవత్సరంలో చేయరాదు. పాలన్నంతో పెరిగిన పిల్లల్లో రికెట్స్ వచ్చి కాళ్లు దొడ్డికాళ్లుగా మారడం పశువైద్యులకు తెలియని విషయం కాదు. ఒకసారి వంగిన ఎముక తరువాత ఎంత ఖరీదైన సంచి కొన్నా పూర్తిగా సరికాకపోవచ్చు.

దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా జరుగుతోంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ వంటి భారీ జాతుల పిల్లలకు సంపూర్ణ ఆహారం పెడుతూనే బలం కోసమని కాల్షియం సిరప్ తాగిస్తున్నారు. అదనంగా చేరే కాల్షియాన్ని తిప్పికొట్టే శక్తి ఆ వయసు పిల్లల శరీరానికి తక్కువ. ఫలితంగా కీళ్లు, ఎముకలు వికృతంగా పెరిగే ప్రమాదం ఉంది. సంపూర్ణ ఆహారం తినే పిల్లకు వైద్యుడు చెప్పనిదే సిరప్ అనవసరం. ఆ మేరకు డబ్బూ మిగులుతుంది.

‘ధాన్యరహితం’ అన్న మోజు

గోధుమ, బియ్యం, మొక్కజొన్న లేవన్న ప్రకటనతో అధిక ధరకు అమ్ముడవుతున్న రకాలు కొన్ని ఉన్నాయి. కుక్క తోడేలు సంతతి గనుక ధాన్యం దానికి సరిపడదన్నది వీటి వాదన. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుల బృందం 2013లో నేచర్ పత్రికలో వెల్లడించిన పరిశోధన దీనిని బలపరచడం లేదు. పిండి పదార్థాలను అరిగించే జన్యువు ప్రతులు తోడేళ్లలో సాధారణంగా రెండే ఉండగా, కుక్కలలో నాలుగు నుంచి ముప్పై వరకు ఉన్నట్లు అది తెలిపింది. మనిషి చేరువలో వేల ఏళ్లు బతికిన కుక్క మనిషి తిండికి అలవాటుపడిందని దీని సారాంశం.

బఠాణీ, పప్పుధాన్యాలు అధికంగా ఉన్న ధాన్యరహిత ఆహారానికీ, కుక్కలలో ఒక రకం గుండె జబ్బుకూ సంబంధం ఉందేమోనని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో విచారణ ప్రారంభించింది. కారణం ఇదేనని నిర్ధారణ కాలేదు. పరీక్షలో ఫలానా ధాన్యం సరిపడదని తేలిన కుక్కకు తప్ప, మిగిలినవాటికి ఈ రకాలపై అదనంగా వెచ్చించనక్కరలేదు.

నిల్వలో జాగ్రత్త

చవకగా వస్తుందని పెద్ద సంచి కొని వర్షాకాలంలో మూత లేకుండా ఉంచితే లాభం కాస్తా నష్టంగా మారుతుంది. తేమ తగిలిన మొక్కజొన్న, వేరుశనగలపై పెరిగే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. వేడి చేసినా అది పూర్తిగా పోదు. 2020 డిసెంబరులో అమెరికాలో ఈ విషం కలిసిన ఆహారాన్ని మార్కెట్టు నుంచి వెనక్కు తీసుకున్న ఉదంతంలో నూరుకు పైగా కుక్కలు చనిపోయినట్లు అక్కడి ప్రభుత్వ సంస్థ వెల్లడించింది. విడిగా తూచి అమ్మే సరుకుకు తయారీ నెల, గడువు తెలిసే మార్గం లేదు. కిలోకు పది రూపాయలు తగ్గినా దానికి దూరంగా ఉండడమే క్షేమం. విప్పిన సంచి నెల, నెలన్నరలో అయిపోయేంత పరిమాణమే కొని, గట్టి మూత ఉన్న డబ్బాలో ఉంచాలి.

కుక్క శరీరమే సాక్షి

కొత్త ఆహారానికి ఒక్కసారిగా మారరాదు. వారం, పది రోజులపాటు పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ పెంచాలి. ఆ తరువాత రెండు నెలలు గమనిస్తే సంచిపై రాతలకంటె కుక్క శరీరమే తీర్పు చెబుతుంది. మలం గట్టిగా, పరిమాణంలో స్వల్పంగా ఉంటే ఆహారం ఒంటబడుతున్నట్లు. కుప్పలుగా, పలుచగా వస్తుంటే కొన్నదానిలో చాలా భాగం బయటకు పోతున్నట్లే. ఎడతెగని దురద, చెవుల్లో చీము, బొచ్చు నిగారింపు తగ్గడం కనిపిస్తే వైద్యునికి చూపాలి.

బరువు తెలుసుకోవడానికి తూకం లేకపోయినా ఫరవాలేదు. అరచేయి ఆనించి నిమిరితే పక్కటెముకలు చేతికి తగలాలి. పైనుంచి చూస్తే నడుము సన్నగా కనిపించాలి. 2020 ఆగస్టులో ప్రధాని నరేంద్ర మోదీ ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో ప్రస్తావించిన ముధోల్, రాజపాళయం, చిప్పిపారై వంటి స్వదేశీ వేట జాతులు స్వతహాగా సన్నపాటివి. వాటిని లాబ్రడార్‌లా కనిపించేటట్లు మేపబోవడం మేలు కాదు.

లాబ్రడార్‌కైనా అది మేలు కాదు. ఆ జాతికి చెందిన 48 కుక్కలపై జీవితాంతం జరిపి 2002లో ప్రచురించిన అమెరికన్ అధ్యయనంలో, తోటివాటికంటె 25 శాతం తక్కువ తిండి పెట్టిన కుక్కలు మధ్యస్థంగా 13 ఏళ్లు జీవించగా, మిగిలినవి 11.2 ఏళ్లే జీవించాయి. కీళ్లనొప్పులు కూడా మొదటి జట్టులో ఆలస్యంగా కనిపించాయి. నిండుగా పోసే గిన్నెను పక్కనపెట్టి తూచి పెట్టడం ప్రారంభిస్తే అనేక ఇళ్లలో ఖర్చు ఆ రోజునుంచే తగ్గుతుంది. సంచి మార్చే ముందు వంటింటి తక్కెడ తీయడమే మంచిది.